జ్వరం రోగానిదా, మందుదా?

కర్నూలులో వానలు ముదిరి డెంగీ రోజులొచ్చాయంటే ఏ ఆసుపత్రి జ్వరాల వార్డులోనైనా ఈ దృశ్యం కనబడుతుంది. ఆలూరు నుంచో పత్తికొండ నుంచో వచ్చిన మనిషికి బాటిల్ ఎక్కుతుంటుంది. పావుగంట గడిచేసరికి పళ్లు టకటకా కొట్టుకుంటూ వణుకు మొదలవుతుంది. "సిస్టరమ్మా, మా నాయనకు సలి పెడ్తాంది, బిరీన రామ్మా!" అని మంచం పక్కనున్న కూతురు కేకేస్తుంది. నర్సు వచ్చి దుప్పటి కోసం వెతకదు. ముందు గొట్టానికున్న చక్రం తిప్పి చుక్కలు ఆపేస్తుంది. తర్వాత కేస్ షీట్ మీద టైము రాస్తుంది. దుప్పటి సంగతి ఆ తర్వాతే.

ఆ రోగి రెండు రోజులుగా వణుకుతూనే ఉన్నాడు. మరి ఇప్పటి వణుకు ఎవరిది? లోపలున్న జ్వరానిదా, పైనుంచి ఎక్కుతున్న మందుదా? వార్డులో ఈ ప్రశ్నకు సగం రోజులు జవాబు దొరకదు. బాటిల్ ఆపితే తగ్గిందంటారు, కానీ జ్వరం వణుకు కూడా కాసేపటికి దానంతటదే తగ్గేదే.

ఎబోలా, నిఫా లాంటి ప్రాణాంతక జ్వరాలకు తయారయ్యే మందుల తొలి భద్రతా పరీక్ష మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఆ జ్వరాల్లో కనిపించేవి ఏమిటి? ఒళ్లు కాలిపోవడం, తలనొప్పి, కండరాల నొప్పులు, వాంతులు, ముదిరితే బీపీ పడిపోవడం. కొత్త మందు ఏదైనా శరీరంలోని రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొడితే కనిపించేవి ఏమిటి? దాదాపు ఇవే. కాబట్టి మందు చేసే చెడు రోగి ఒంట్లో దాక్కుంటుంది. బురద నీళ్లలో సిరా చుక్క వేస్తే ఎవరికి కనబడుతుంది? తేట నీళ్లలో వేయాలి. ఆ తేట నీళ్లే ఆరోగ్యవంతులైన వలంటీర్లు. "జబ్బే లేనోనికి మందెందుకబ్బా?" అనే రచ్చబండ ప్రశ్నకు జవాబు ఇంతే: జబ్బు లేదు కాబట్టే. దీన్నే ఫేజ్ 1 అంటారు.

ఈ మాట ఎంత బరువైనదో 2014లో తేలింది. కెనడాకు చెందిన టెక్‌మిరా కంపెనీ టీకేఎం-ఎబోలా అనే మందును ఆ ఏడాది జనవరిలో మొదటిసారి ఆరోగ్యవంతులకు ఇచ్చింది. ఎబోలా వైరస్ జన్యువుల మాటను మధ్యలోనే తుంచేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ (జన్యు సమాచారం మోసే రసాయనం) ముక్కలు అందులో ఉంటాయి. విడిగా రక్తంలోకి వదిలితే అవి నిలవవు గనుక అతి సూక్ష్మమైన కొవ్వు బుడగల్లో పొదిగి రక్తనాళంలోకి ఎక్కిస్తారు. చిక్కల్లా అక్కడే. కొవ్వు బుడగలో వచ్చే ఆర్‌ఎన్‌ఏ అంటే శరీరానికి అచ్చం వైరస్ వచ్చినట్టే అనిపిస్తుంది. కాపలా కణాలు సైటోకైన్లు అనే రసాయనాలు వదులుతాయి. ఊళ్లో దొంగ పడ్డాడని తప్పెట కొట్టినట్టన్నమాట. ఒక తప్పెట మోగితే ఊరు మేలుకుంటుంది. ఊళ్లో ఉన్న తప్పెట్లన్నీ ఒక్కసారే మోగితే జనం దొంగను వదిలేసి ఒకరినొకరు తొక్కుకుంటారు.

ఒక్కో డోసు పెంచుకుంటూ ఇచ్చిన తొలి దశలోనే, పై మోతాదుల్లో సైటోకైన్లు పెరిగాయి. 2014 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షను నిలిపివేసింది. ఆరోగ్యవంతులకు వరుసగా పలు డోసులిచ్చే భాగం మొదలుపెట్టే ముందు, ఈ సైటోకైన్లు ఎందుకొస్తున్నాయో చెప్పండి, వలంటీర్లకు రక్షణగా పద్ధతి మార్చండి అంది. సరిగ్గా ఆ నెలల్లోనే గినీ, లైబీరియా, సియర్రా లియోన్ దేశాల్లో ఎబోలా ఊళ్లకు ఊళ్లను ఊడ్చేస్తోంది. 2016లో అది ముగిసేసరికి లెక్క తేలింది: 28,600కు పైగా కేసులు, 11,300కు పైగా మరణాలు. అక్కడ జనం పోతుంటే ఇక్కడ నలుగురికి చలి పెట్టిందని మందు ఆపుతారా అన్న కోపం సహజం. ఆగస్టులో ఎఫ్‌డీఏ మెట్టు దిగింది. అయితే ఎలా దిగిందన్నదే అసలు సంగతి. ఆరోగ్యవంతులకు పలు డోసులివ్వకుండా పెట్టిన ఆపుదల అలాగే ఉంచి, ఎబోలా సోకినవారికి ఇచ్చే దారి మాత్రం తెరిచింది.

పైకి ఇది తలకిందుల తీర్పులా ఉంటుంది. బాగున్నవాడికి ప్రమాదమైన మందు, చావుబతుకుల్లో ఉన్నవాడికి ఫర్వాలేదా? కానీ లెక్క సరైనదే. ఎబోలా రోగుల్లో సగటున సగం మంది చనిపోతారు. అలాంటివాడికి గంటసేపు చలి, బీపీ తగ్గడం అనే ముప్పుకు ఎదురుగా ప్రాణం దక్కే ఆశ అనే తూకపురాయి ఉంది. వలంటీరు పళ్లెంలో అలాంటి రాయి ఏదీ లేదు. మందు మంచిదా చెడ్డదా అన్నది మందు ఒక్కదాన్ని చూసి చెప్పే మాట కాదు, ఎవరికిస్తున్నారో కూడా చూడాలి. ఆ జులై నిర్ణయం, ఆ ఆగస్టు నిర్ణయం రెండూ సరైనవేనని చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఆ మందు చివరికి గెలవలేదు. సియర్రా లియోన్‌లో 14 మందితో జరిగిన చిన్న పరీక్షలో మేలు కనబడక, ముందే గీసుకున్న గీత దగ్గర 2015 జూన్‌లో ఆపేశారు. కానీ కొవ్వు బుడగల్లో ఆర్‌ఎన్‌ఏ అనే ఉపాయం మాత్రం చావలేదు. 2018లో అనుమతి పొందిన పాటిసిరాన్ అనే నరాల జబ్బు మందు ఆ కోవదే. దాన్ని ఎక్కించే ముందు స్టెరాయిడ్, పారాసెటమాల్, అలర్జీ మందు ఇస్తారు. తప్పెట ముందుగానే కట్టేసి పెట్టడమన్నమాట.

తొలి పరీక్షల్లో ఇంత భయం ఎక్కడిది? 2006 మార్చి 13న లండన్‌లో జరిగిన దాన్నుంచి. టీజీఎన్1412 అనే యాంటీబాడీ (ఏదో ఒక గురిని వెతికి పట్టుకునే మాంసకృత్తి) మందును ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు ఎక్కించారు. మరో ఇద్దరికి ఉత్తుత్తి మందు. ఇది జ్వరానికి సంబంధించిన మందు కాదు, రోగనిరోధక కణాలను మేల్కొలిపేది. కోతులకు నిరపాయమని తేలిన మోతాదులో 500వ వంతు మాత్రమే ఇచ్చారు. గంటన్నర లోపే ఆరుగురికీ తలనొప్పి, వణుకు, జ్వరం. మర్నాటికి ఆరుగురూ ఇంటెన్సివ్ కేర్‌లో, అవయవాలు ఒక్కొక్కటిగా మొరాయిస్తూ. అందరూ బతికారు, అదొక్కటే ఊరట. మోతాదు సంగతి అలా ఉంచితే, అందరూ తప్పుపట్టింది వేగాన్ని. మొదటివాడికి ఏమవుతుందో చూడకుండా పది నిమిషాలకొకరు చొప్పున ఆరుగురికీ ఎక్కించేశారు. గంగమ్మ జాతర అంబలి రుచి చూడకుండా ఊరందరికీ పోయరు కదా.

ఆ తర్వాత పద్ధతి మారింది. కొత్త మందు ముందుగా ఇద్దరికే. ఒకరికి అసలుది, ఒకరికి ఉత్తుత్తిది. సాధారణంగా ఒక రోజంతా ఆగుతారు. మోతాదు పెంచాలంటే అంతకుముందు గుంపు రక్త పరీక్షలు, ఈసీజీలు, లివరు, కిడ్నీ లెక్కలు చూసి ఒక కమిటీ సరే అనాలి. ఏ లక్షణం ఎంతమందిలో వస్తే ఆపాలో పరీక్ష మొదలవక ముందే కాగితం మీద రాసిపెట్టాలి. వార్డులో మంచాలు, మానిటర్లు, చేతికో సూది, గంటగంటకూ రక్తం. వలంటీరుకు చాలావరకు విసుగే. విసుగు పుట్టడమే అక్కడ శుభం.

ఇక నిఫా. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల పాఠకులకు ఎబోలా దూరపు కబురు కావచ్చు, కేరళ దూరం కాదు. ఏటా కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఇరుముళ్లతో శబరిమల బస్సులు ఇక్కడి నుంచి కదులుతూనే ఉంటాయి. 2018 మే నెలలో కోజికోడ్‌లో నిఫా బయటపడినప్పటి నుంచి అక్కడ కేసు వచ్చిందన్న ప్రతిసారీ ఇక్కడి ఫోన్లలో రెండు రకాల కబుర్లు తిరుగుతాయి. ఒకటి గబ్బిలాలున్న చింతచెట్ల గురించి. రెండోది, "ఆస్ట్రేలియా నుంచి మందు వచ్చేసిందంట" అని. మొదటిదాన్ని పక్కనబెడదాం. రెండోదాంట్లో నిజం ఉంది, అయితే ఎంత ఉందో తూచి చూడాలి.

ఆ మందు పేరు ఎం102.4. నిఫా వైరస్‌కూ, దాని దాయాది హెండ్రా వైరస్‌కూ పైనుండే ఒక మాంసకృత్తిని పట్టుకుని, అవి కణంలోకి దూరకుండా అడ్డుపడే యాంటీబాడీ ఇది. అమెరికా పరిశోధకులు రూపొందించారు. 1994లో బ్రిస్బేన్ శివారు హెండ్రాలో గుర్రాల నుంచి మనుషులకు సోకిన వైరస్ కాబట్టి ఆస్ట్రేలియా దీని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టింది. 2010లోనే, జబ్బు గుర్రాన్ని తాకిన ఒక తల్లికీ కూతురికీ ముందుజాగ్రత్తగా ఇచ్చారు. అప్పటికి ఫేజ్ 1 జరగనే లేదు.

ఫేజ్ 1 బ్రిస్బేన్‌లో జరిగింది. మొత్తం 40 మంది ఆరోగ్యవంతులు. ఎనిమిదేసి మంది చొప్పున ఐదు గుంపులు. ప్రతి గుంపులో ఆరుగురికి మందు, ఇద్దరికి ఉత్తుత్తిది. శరీర బరువు కిలోకు 1 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి 3, 10, 20 దాకా పోయి, చివరి గుంపుకు 20 మిల్లీగ్రాములే మూడు రోజుల తేడాతో రెండుసార్లు ఇచ్చారు. చావులు లేవు, తీవ్రమైన చెడు ప్రభావాలు లేవు. అన్నిటికంటే ఎక్కువ కనిపించింది తలనొప్పి. మందు పుచ్చుకున్న 30 మందిలో 12 మందికి వచ్చింది. నూటికి 40. ఈ ఒక్క అంకెతో "మందు వల్ల తలనొప్పి" అని శీర్షిక పెట్టేయొచ్చు. కానీ ఉత్తుత్తి మందు తీసుకున్న 10 మందిలోనూ ముగ్గురికి తలనొప్పి వచ్చింది. చేతికి సూదితో, వేళ కాని వేళ నిద్రతో, ఏమవుతుందోనన్న గుబులుతో రోజులకొద్దీ మంచం మీద ఉంటే ఎవరికైనా తల పోటెత్తుతుంది. ఉత్తుత్తి మందు ఎందుకంటే ఇందుకే. మోసం చేయడానికి కాదు, మంచం తలనొప్పిని మందు ఖాతాలో రాయకుండా ఉండటానికి.

అయితే 30 మందికి తీవ్రంగా ఏమీ కాలేదు కాబట్టి మందు నిరపాయమా? దీనికి ఆదోని మార్కెట్ యార్డులో జవాబుంది. బుడ్డల (వేరుశనగ) మూటలు దిగాక వ్యాపారి గుప్పెడు తీసి, నాలుగు కాయలు నలిపి, పప్పు చూసి ధర చెబుతాడు. ఒక మూటలో నూటికి ఐదు పుచ్చులున్నాయనుకుందాం. అందులోంచి కళ్లు మూసుకుని 30 కాయలు తీస్తే ఒక్క పుచ్చూ రాకుండా పోయే అవకాశం ఎంత? ఐదింట ఒకటి. అంటే అలాంటి ఐదు మూటల్లో ఒక మూట పరీక్షలో "అన్నీ మంచివే" అనిపించుకుంటుంది. నూటికి పది పుచ్చులుంటే మాత్రం తప్పించుకోవడం కష్టం, ఆ అవకాశం నూటికి నాలుగే. అందుకే 30 మందిలో ఎవరికీ తీవ్రంగా ఏమీ కాలేదంటే గణాంకాల భాషలో అర్థం ఇంతే: తీవ్రమైన చెడు ప్రభావం పదిమందిలో ఒకరికి మించి రాకపోవచ్చు. వందలో ఒకరికి వచ్చే చెడును ఈ పరీక్ష పట్టలేదు, పడుతుందని చేసినవాళ్లూ అనరు. ఆ మాట అనేది మధ్యలో వార్త మోసేవాళ్లే.

2023 సెప్టెంబరులో కేరళలో ఆరు కేసులొచ్చి ఇద్దరు చనిపోయినప్పుడు, భారత వైద్య పరిశోధన మండలి అధిపతి రాజీవ్ బహ్ల్ ఈ విషయంలో సూటిగా మాట్లాడారు. బయటి దేశంలో భద్రత తేల్చే ఫేజ్ 1 మాత్రమే జరిగిందని, పనిచేస్తుందా అన్న పరీక్ష జరగలేదని, వేరే దారి లేని రోగికి జాలిపడి ఇచ్చే కంపాషనేట్ యూజ్ కింద మాత్రమే ఇవ్వగలమని చెప్పారు. ఫోన్లలో తిరిగిన కబురులో "మందు వచ్చింది" అన్న ముక్క మిగిలి, మిగతాది రాలిపోయింది.

పనిచేస్తుందా అన్న పరీక్ష ఎందుకు జరగలేదంటే నిర్లక్ష్యం వల్ల కాదు. ఆరు కేసులతో పరీక్ష ఎలా చేస్తారు? ముగ్గురికి ఇచ్చి ముగ్గురికి ఇవ్వకుండా చూస్తారా? బీపీ మందుకైతే ఫేజ్ 1 తర్వాత వందల, వేలమందితో ఫేజ్ 2, ఫేజ్ 3 ఉంటాయి. నిఫాకు ఫేజ్ 1 మొదటి మెట్టు మాత్రమే కాదు, చాలాకాలం అదే ఆఖరి మెట్టు కూడా. ఈ చిక్కు తెలిసే 2002లో అమెరికా ఒక నియమం తెచ్చింది: మనుషుల మీద పరీక్షించడం సాధ్యంకాని, న్యాయం కూడా కాని చోట, జంతువుల్లో పనిచేసిందన్న రుజువు, మనుషుల్లో భద్రత రుజువు కలిపి అనుమతి ఇవ్వొచ్చు అని. అలాంటి దారిలో మనిషి మీద దొరికే సాక్ష్యమంతా ఆ తేట నీళ్ల వలంటీర్ల నుంచే వస్తుంది.

కేసులు ఎక్కువుంటే కథ వేరుగా నడుస్తుంది. 1995లో కాంగోలోని కిక్విట్‌లో ఎబోలా సోకి బతికిన మనిషి రక్తం నుంచి తీసిన యాంటీబాడీ ఎంఏబీ114. 2018లో అమెరికాలో 18 మంది ఆరోగ్యవంతులకు ఇచ్చి చూశారు. అదే ఏడాది ఆగస్టులో కాంగోలో ఎబోలా మళ్లీ లేచింది. నవంబరులో నాలుగు మందులను పక్కపక్కన పెట్టి, చీటీ తీసినట్టు రోగులకు పంచి పోల్చారు. మొత్తం 681 మంది. జీమాప్ తీసుకున్నవారిలో నూటికి దాదాపు 50 మంది, రెమ్డెసివిర్ తీసుకున్నవారిలో 53 మంది చనిపోగా, ఎంఏబీ114లో 35, రీజెనెరాన్ కంపెనీ యాంటీబాడీల మిశ్రమంలో 33 నుంచి 34. జీమాప్‌ను 2014లో ఏ ఫేజ్ 1 లేకుండానే ఇద్దరు అమెరికన్లకు ఇచ్చారు, ఇద్దరూ బతికారు, ప్రపంచమంతా దాన్ని అద్భుత మందు అంది. పోల్చి చూసేవరకూ ఆ పేరు నిలిచింది.

ఇదంతా తెలుగులో చెప్పాలంటే భాషే ఒక అడ్డంకి. "మందు ప్రయోగం" అన్న మాట ఆస్పరిలోనో రాయచోటిలోనో ఎలా వినబడుతుంది? "ఎవరో ప్రయోగం చేసినారు" అంటే చేతబడి. "మందు పెట్టినారు" అంటే అన్నంలో కలిపి వశం చేసుకోవడం. ఈ రెండు మాటలూ కలిపి సంతకం పెట్టమంటే వెనక్కు తగ్గేవాణ్ణి అమాయకుడనడం అన్యాయం. పైగా అనుభవం కూడా చేదుగానే ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు ఇచ్చిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనంలో మరణాలకు టీకా కారణమని తేలలేదు. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన అంగీకార పత్రాలను 2013లో పార్లమెంటరీ సంఘమే తప్పుపట్టింది. సైన్సు ఓడని చోట కాగితం ఓడింది.

2019లో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు ఆ కాగితాన్ని కొంత గట్టిచేశాయి. అందులో పరిహారం లెక్క ఒకటుంది, అది చదివితే పైన చెప్పిన తూకపురాళ్ల సంగతి రూపాయల్లో కనబడుతుంది. మూల మొత్తం 8 లక్షలు. దాన్ని వయసును బట్టి మారే ఒక అంకెతో, రిస్కు అంకెతో గుణిస్తారు. ఆరోగ్యవంతుడైన వలంటీరుకు రిస్కు అంకె 4. ఆరు నెలలకు మించి బతకడనుకున్న రోగికి 0.5. అంటే పరీక్ష వల్ల చనిపోతే 65 ఏళ్ల ఆరోగ్యవంతుడి కుటుంబానికి 32 లక్షలు, అదే వయసు రోగి కుటుంబానికి 4 లక్షలు. వయసు తగ్గేకొద్దీ మొత్తం పెరుగుతుంది. చదవగానే ఒళ్లు మండుతుంది, రోగి ప్రాణం అంత చవకా అని. అయినా ఎఫ్‌డీఏ ఆగస్టు తీర్పులో ఉన్నదీ ఈ లెక్కే. పోగొట్టుకోవడానికి ఎక్కువ ఉన్నవాడికి ఎక్కువ రక్షణ. రోగి వైపు నుంచి చూస్తే మాత్రం ఆ 0.5ను ఒప్పుకోవడం కష్టం.

మళ్లీ ఎం102.4 దగ్గరికి. కోజికోడ్‌లోనో మరెక్కడో ఒక వార్డులో ఆ సీసా చేతిలో ఉన్న డాక్టరుకు ఆధారంగా ఉన్నవి రెండు. ఒకటి, 30 మంది ఆరోగ్యవంతులు దాన్ని తట్టుకున్నారు. రెండు, 2014లో ప్రచురితమైన పరీక్షలో, నిఫా ఎక్కించిన ఆఫ్రికన్ గ్రీన్ కోతులకు ఐదో రోజున మొదలుపెట్టినా అన్నీ బతికాయి. మందు ఇవ్వని కోతులు ఎనిమిది నుంచి పది రోజుల్లో చనిపోయాయి. ఆ ఐదు రోజులు లెక్కపెట్టింది వైరస్ ఎక్కించిన క్షణం నుంచి. మనిషి విషయంలో ఆ క్షణం ఎవరు చూశారు? సోకాక 4 నుంచి 14 రోజులకు జ్వరం మొదలవుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండు రోజులు, తాలూకా ఆసుపత్రిలో ఇంకో రోజు, శాంపిల్ పుణె ల్యాబుకు పోయి ఫలితం రావడానికి మరికొంత. అప్పటికి వైరస్ మెదడుకు చేరి ఉంటే, రక్తంలో తిరిగే యాంటీబాడీ అక్కడికి చాలా తక్కువగా వెళ్తుంది. సీసా ఎక్కించడం మొదలుపెట్టిన పావుగంటకు రోగికి వణుకు వస్తే, నర్సు చక్రం తిప్పి చుక్కలు ఆపి, టైము రాసి, డాక్టరు వైపు చూస్తుంది. బ్రిస్బేన్‌లో ఆ 30 మందికి తీవ్రంగా ఏమీ కాలేదన్నది అప్పుడు ఆయనకు పనికొచ్చే అంకె. చుక్కలు మళ్లీ వదలమని చెప్పడానికి అది సరిపోవచ్చు.